ప్రూఫక్క పేరున ఇరవై మూడు మార్పులు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి నా మణికట్టుకి సెలవు.

ఇన్నాళ్ళూ ఈ బ్రెయిలీ ప్రెస్సులో ఒక్క అక్షరం దిద్దినా నాలుగు కమాండ్లు కొట్టేదాన్ని. సేవ్ చేయాలి, బ్రెయిలీ చుక్కల్లోకి మార్చాలి, మెషిన్ గదికి పంపాలి, ఎప్పుడు పంపానో రాసుకోవాలి. రోజుకి అరవై సార్లు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం పూర్తయ్యేసరికి నా కుడిచెయ్యి నాది కాకుండా పోయేది.

కమాండ్ లైన్లో నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి దొరికింది. ఫలానా ఫోల్డరు చూస్తూ ఉండు, అందులో ఏ ఫైలు మారినా ఈ పనులు చెయ్యి అని ఒక్కసారి చెబితే చాలు. నల్లటి తెర మీద కదలకుండా కూర్చుంటుంది. ఫైలు మారగానే లేస్తుంది. చుక్కల్లోకి మార్చి, మెషిన్‌కి పంపి, చిట్టాలో ఒక వరస రాసి మళ్ళీ కూర్చుంటుంది. ఏ టైములో, ఏ ఫైలు, ఎవరి ఫోల్డరు. అంతే రాస్తుంది. దానికి కాపలా అని పేరు పెట్టాను.

ఇంక లేచి అటూ ఇటూ తిరగనక్కర్లేదు. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

మార్చి 4

మెషిన్ గది చూసుకునే మెషిన్ బాబాయి బెత్తెడు ఎత్తు కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"కాన్వెంటమ్మా, పదమూడో పేజీ అంటే నీకంత ప్రాణమా?"

"ఏమైంది బాబాయ్?"

"నలభై సార్లు వేయించావు. ఇంకా వస్తూనే ఉంది. ప్లగ్గు పీకేసి వచ్చాను."

తప్పు నాదే. కాపలా తయారుచేసిన చుక్కల ఫైలుని కూడా అదే ఫోల్డరులో పెట్టమన్నాను. కొత్త ఫైలు రాగానే ఫోల్డరు మారినట్టే కదా. తన అడుగుల చప్పుడికి తనే ఉలిక్కిపడి లేవడం, లేచినందుకు మళ్ళీ చప్పుడు. చుక్కల ఫైళ్ళకి వేరే ఫోల్డరు ఇచ్చాక కుదుటపడింది.

బాబాయికి సారీ చెబుదామనుకున్నాను. తల ఊపాను.

మార్చి 7

సాయంత్రం సంచీ సర్దుకుంటుంటే ప్రూఫక్క తన బల్ల దగ్గర్నుంచే పిలిచింది.

"పిల్లా, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"బతికే ఉన్నావన్నమాట. నీ గొంతు విని నాలుగు రోజులైంది."

నిజమే. ఇదివరకు ఆవిడ పక్కన కూర్చుని నేను అసలు పుస్తకం పైకి చదివేదాన్ని, ఆవిడ వేలు ప్రూఫు మీద నడిచేది. తేడా వచ్చినచోట వేలు ఆగేది. ఇప్పుడు కాగితాలు మెషిన్ గది నుంచి తిన్నగా ఆవిడ బల్ల మీదకి వెళుతున్నాయి. అసలు పుస్తకాన్ని ఆవిడ కంప్యూటరే చదివి వినిపిస్తోంది.

"అది లెక్కలు చదువుతుంటే ఎవరో నన్ను తిడుతున్నట్టే ఉంటుంది" అంది. "నువ్వు చదివితే భయపడుతున్నట్టు ఉండేది. అదే నయం."

"పని తొందరగా అవుతుందని అక్కా."

"అవుతోందిలే."

మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు వరస మీదే ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ప్రెస్సులో వచ్చిన ప్రతి పుస్తకం మీదా అలా నడిచిన వేళ్ళు. నేను పుట్టకముందు నుంచీ.

కాపలా పెట్టింది మణికట్టు కోసమే. పైకి చదవడం తప్పించుకోవడానికి కాదు. కాన్వెంటు స్కూల్లో సిస్టర్ నన్ను లేపి నిలబెట్టి చదివించినప్పుడు సగంలోనే కూర్చుండిపోయేదాన్ని. ఆ సంగతి వేరు.

మార్చి 10

మేనేజరు పిలిచారు. బల్ల మీద కాపలా రాసిన చిట్టా, ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి ఉంది. ఆయనకి దొరుకుతుందని నేననుకోలేదు. దాచలేదు కూడా.

"ఏమ్మా కాన్వెంటు, ఇన్నాళ్ళూ ఇలాంటిది ఎందుకు లేదు మనకి? ఎవరేం చేస్తున్నారో అద్దంలో చూసినట్టుంది. నీవి రోజుకి డెబ్బై చిల్లర. ఇంటి దగ్గర్నుంచి కొట్టే టైపిస్టువి అరవై. మన ప్రూఫు మేడమ్‌వి చూశావా?"

చూశాను.

"ఒకటి. రోజుకి ఒకటి. వారానికి ఆరు."

"ఆవిడ సాయంత్రం..."

"ఆఁ?"

"ఏం లేదండి."

"కమిటీ వాళ్ళు అడుగుతున్నారు, ప్రూఫుకని ప్రత్యేకంగా మనిషి అవసరమా అని. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ వచ్చిందట. నెలాఖరుకి ఈ చిట్టా పంపిస్తాను. అంకెలు ఏం చెబితే అది. నాకేమైనా ఆవిడంటే కోపమా, నువ్వే చెప్పు?"

"లేదండి."

నేను చెప్పవలసింది ఇది. ఆవిడ రోజంతా చదువుతుంది. తప్పు తగిలినచోటల్లా ఒక చీటీ మీద సూదితో చుక్కలు పొడుచుకుంటుంది. నాలుగున్నరకి కుర్చీ కంప్యూటర్ వైపు జరుపుకుని అన్నీ వరసగా దిద్ది, ఒక్కసారి సేవ్ చేస్తుంది. ఆ ఒక్కదాంట్లో నలభై దిద్దుబాట్లు ఉండొచ్చు. లోపల ఏం మారిందో కాపలాకి పట్టదు. మారిందా లేదా అన్నదే దాని లెక్క.

ఇంటికొచ్చి అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మార్చి 11

చెప్పలేదు.

మార్చి 12

ఆయన గది దాకా వెళ్ళాను. ఫోన్లో ఉన్నారు. వచ్చేశాను.

టచ్ అని ఒక కమాండ్ ఉంది. ఫైలు మీద వేలు ఆనించి తీసినట్టు. లోపల ఒక్క అక్షరం మారదు, ఆఖరిసారి మారిన తేదీ, టైము మాత్రం మారతాయి. కాపలాకి అది చాలు.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక నా సీట్లోంచే ప్రూఫక్క ఫోల్డరు మీద ప్రయోగించి చూశాను. లేచింది. చిట్టాలో ఆవిడ పేరున ఒక వరస పడింది. వెంటనే మెషిన్ గదిలో చప్పుడు కూడా మొదలైంది. పరుగెత్తి ఆపాను.

దీంట్లో అబద్ధం ఏముంది? ఆవిడ చేసే పనికి ఇంకా తక్కువే. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు నేను.

మార్చి 13

తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ మెషిన్ ఆపడానికి పరుగు.

మార్చి 14

చేత్తో చేస్తుంటే ప్రతిసారీ తలుపు వైపు చూడాల్సి వస్తోంది. టైమర్‌కి అప్పగించాను. పని రోజుల్లో ఇష్టమొచ్చిన వ్యవధిలో, రోజుకి ఇరవై పైచిలుకు, అదే టచ్ చేస్తుంది. నా కంప్యూటర్ ఎలాగూ కాపలా కోసం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

కాగితం వృథా కాకుండా కాపలాకి ఒక షరతు పెట్టాను. ఫైలు సైజు మారకపోతే చిట్టాలో రాసి ఊరుకో, చుక్కల్లోకి మార్చకు, మెషిన్‌కి పంపకు. అక్షరం అక్షరం పోల్చమని చెప్పొచ్చు, కానీ దానికి ఇంకో పది లైన్లు రాయాలి. అలిసిపోయాను. సైజు చాలు.

మార్చి 18

మేనేజరు మా గది మధ్యలో నిలబడి, "మేడమ్, పోయిన వారం పందొమ్మిది, ఇరవై ఒకటి, నిన్న ఇరవై మూడు! ఇలా ఉండాలి" అన్నారు.

ఆయన వెళ్ళాక ప్రూఫక్క నా వైపు తిరిగింది. "ఏం చేశానని మెచ్చుకున్నాడు?"

"ఏమోనక్కా."

"ఇరవై మూడేమిటి? ఇంట్లో పిల్లికి పిల్లలు పుట్టాయా ఆయనకి?"

మెషిన్ బాబాయి పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మార్చి 19

నాలుగో పాఠం ఆఖరి ప్రూఫు. అయిదింటికి ప్రూఫక్క పిలిచింది.

"పిల్లా, ఒక్క అంకె దిద్దాను ఇందాక. కొత్త కాగితం రాలేదే?"

"ఒక్కటే కదక్కా. ఆఖరి కాపీల్లో వచ్చేస్తుంది."

"చేత్తో చూడకుండా ఎప్పుడూ వదల్లేదు నేను."

"వస్తుందక్కా."

రాలేదెందుకో వెళ్ళి చూడవలసింది. బస్సుకి టైమైంది.

మార్చి 21

నాలుగో పాఠం నూట నలభై కాపీలు వేశారు. ఒక సెట్టు ముందుగా ఒక స్కూలుకి పంపారు. మిగతావి స్టోరులో, ఇంకా కుట్టలేదు.

ఏమీ చదవాలనిపించడం లేదు. పుస్తకం తెరిచి పెట్టుకుని అలాగే నిద్రపోతున్నాను.

మార్చి 27, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి ఆ స్కూలు టీచరు మేనేజరుకి ఫోన్ చేసింది. నలభై ఒకటో పేజీ. ఒక సంఖ్యని రెట్టింపు చేసి మూడు కలిపితే ఇరవై ఒకటి, ఆ సంఖ్య ఎంత? కింద జవాబు ఆరు అని ఉంది. వాళ్ళ క్లాసులో ఒక పిల్ల అయిదుసార్లు చేసిందట, అయిదుసార్లూ తొమ్మిదే వచ్చిందట. పుస్తకం తప్పదు, నువ్వే తప్పు చేస్తున్నావు అని టీచరే కోప్పడిందట. తరవాత తనూ చేసి చూసుకుందట.

పదకొండున్నరకి మేనేజరు మమ్మల్ని తన గదిలోకి పిలిచారు. నన్ను, ప్రూఫక్కని, బాబాయిని.

"ఇరవై మూడుసార్లు ముట్టుకున్న ఫైల్లో ఒక్క అంకె కనబడలేదా మేడమ్?"

"అది దిద్దాను. తొమ్మిది చేశాను. చీటీ మీద కూడా ఉంది" అంది ఆవిడ.

మేనేజరు ఫైలు తెరిచారు. తొమ్మిదే ఉంది. ఆయన మొహం తేలికపడింది. తరవాత ఆఖరిసారి ఎప్పుడు మారిందో చూశారు.

"ఇవాళ. పదకొండు గంటల నాలుగు నిమిషాలు."

బాబాయి వంగి తెర వైపు చూశాడు.

"అంటే ఫోన్ వచ్చాక దిద్దారు."

"నేను పొద్దుట్నుంచి కంప్యూటర్ ముట్టుకోలేదండీ. అయిదో పాఠం చదువుతున్నాను."

"మరి ఎవరు ముట్టుకున్నారు? దెయ్యమా? తప్పు చేయడం వేరు మేడమ్. తప్పు చేసి, ఎవరూ చూడకుండా దిద్ది, ముందే దిద్దానని చెప్పడం వేరు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు మీది."

ఆవిడ ఒకడుగు ముందుకి వేసింది. చేతులు బల్ల అంచు వెతుక్కుని పట్టుకున్నాయి.

"రేపట్నుంచి రాకండి. కమిటీ ఏం చెబుతుందో చూద్దాం."

బాబాయి ఆవిడ్ని బస్సు దాకా దింపి వచ్చాడు. నేను సీట్లో కూర్చుని అయిదో పాఠం కొట్టాను. ఆ ఆరు కొట్టింది నేనే. ఆవిడ ఆరుని తొమ్మిది చేసింది. ఒక అంకె తీసి ఒక అంకె పెడితే సైజు మారదు. కాపలా నేను చెప్పినట్టే చిట్టాలో రాసి ఊరుకుంది. చుక్కల ఫైల్లో పాత ఆరే మిగిలింది.

ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు నేను. తేదీ మాత్రమే.

మార్చి 28

తలనొప్పి. వెళ్ళలేదు.

అమ్మ డ్యూటీకి వెళ్తూ నుదుటి మీద చెయ్యి పెట్టింది. "జ్వరం లేదే."

"ఉన్నట్టుంది."

"ఇరవై ఏళ్ళుగా వార్డులో నుదుళ్ళు పట్టుకుని చూస్తున్నాను. ఇది జ్వరం కాదు. ఏం చేశావే?"

ఏం జరిగింది అనలేదు. ఏం చేశావు అంది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మార్చి 29, శనివారం

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

టైమర్ ఆపలేదు.

ప్రూఫక్క ఇంట్లో ఉంది. అక్క పేరున పని జరుగుతూనే ఉంది.

మార్చి 30, ఆదివారం

బాబాయి దగ్గర అడ్రసు తీసుకుని వెళ్ళాను. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. ప్రతి మలుపు దగ్గరా వెనక్కి వెళ్ళిపోవడానికి ఒక కారణం తోచింది. తలుపు తెరిచే ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. రేడియో సన్నగా మోగుతోంది.

"ఎవరూ?"

"నేనక్కా."

"పిల్లా." రేడియో కట్టేసింది. "ఒంట్లో బాగాలేదట కదా. కూర్చో."

కూర్చోలేదు. స్కూల్లోలాగా నిలబడే చెప్పాను. మేనేజరు ఎర్ర గీతలు, టచ్, టైమర్, సైజు షరతు, పదకొండు నాలుగు. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆవిడ ఒక తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదక్కా. తేదీ మాత్రమే."

"తేదీయే కదమ్మా నన్ను దొంగని చేసింది."

ఎప్పుడూ పిల్లా అంటుంది. అమ్మా అనేసరికి ఏడుపొచ్చింది. అది ఆవిడకి వినబడకూడదని ఊపిరి బిగబట్టాను.

"నేను రోజుకి ఒక్కసారే ఎందుకు సేవ్ చేస్తానో ఎప్పుడైనా అడిగావా?"

"లేదక్కా."

"మొదటి పేజీలో తప్పనిపించింది పదో పేజీకి వచ్చేసరికి ఒప్పవుతుంది ఒక్కోసారి. రాసినవాడికి ఒక పద్ధతి ఉంటుంది, అది అంతా చదివితే గాని వేలికి అందదు. అంతా చదివాకే దిద్దాలి. తోచినప్పుడల్లా దిద్దితే వాడి పుస్తకం పోయి నా పుస్తకం అవుతుంది." తువ్వాలు పక్కన పెట్టింది. "నన్ను అడిగి ఉంటే నేనే వెళ్ళి చెప్పేదాన్ని ఆయనకి. నాకు నోరుంది."

"మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక..."

"నీకు ఇష్టం లేనిది నన్ను బాధపెట్టడం కాదు. మాట్లాడటం."

మంచం మీంచి జారిన చొక్కా తీసి ఆవిడ పక్కన పెట్టాను.

"సరే, విన్నాను. నాకెందుకు చెబుతున్నావు? నేను చేయలేదని నాకు ముందే తెలుసు. తెలియనివాడికి చెప్పు."

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, వేరే ఏమీ ఆలోచించకుండా ఉండటానికి.

మార్చి 31

తొమ్మిదింటికే వెళ్ళాను. టైమర్ ఆపాను. కాపలాని కూడా ఆపాను. తెర మీద ఖాళీ వరస ఒకటి మిగిలింది.

మేనేజరు బల్ల మీద శుక్ర, శనివారాల చిట్టా ఉంది. "రావద్దన్న మనిషి పేరున రెండు రోజుల్లో నలభై ఆరు" అన్నారు నన్ను చూసి. "అదే చూస్తున్నాను."

"అవి నావండి. అంతకుముందువి కూడా."

చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. చేసి చూపించాను, ఆయన కంప్యూటర్లోనే, ఆయన ఫైలు మీదే. తేదీ మారింది, అక్షరం మారలేదు. మూడుసార్లు మళ్ళీ చేయించారు.

"నువ్వా? నోట్లో వేలు పెడితే కొరకలేవు నువ్వు! నీకింత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా?"

"రాలేదండి. అందుకే ఇలా చేశాను."

ఆ తరవాత అద్దం ముందు చెప్పుకున్న రెండు నిమిషాల మాటలు చెప్పాను. ఇరవై రోజులు ఆలస్యంగా. చీటీ, సూది, నాలుగున్నర, ఒక్క సేవ్‌లో నలభై. పందొమ్మిదో తారీఖు రాత్రి తీసిన బ్యాకప్ కూడా తెరిచి చూపించాను. అందులో తొమ్మిదే ఉంది.  ఈసారి మధ్యలో ఆపకుండా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టు. చిట్టా బదులు అదే కమిటీకి పంపుతాను. మేడమ్‌ని నేను ఫోన్ చేసి పిలుస్తాను. ఆవిడ ఉద్యోగం జోలికి ఎవరూ రారు, అది నా పూచీ." చిట్టా మడిచి పక్కన పెట్టి, "నువ్వు ఈ పుస్తకం పూర్తయ్యేదాకా ఉండు. తరవాత వద్దమ్మా" అన్నారు.

"అలాగేనండి."

మూడు పేజీలు రాశాను. దస్తూరీ బాగుందన్నారు.

ఏప్రిల్ 2

ప్రూఫక్క వచ్చింది. మేనేజరు గుమ్మం దాకా ఎదురెళ్ళి క్షమించమన్నారు. "సరేనండీ" అంది, అంతకు మించి ఏమీ అనకుండా. నాతో మాట్లాడలేదు.

స్టోరులో నూట ముప్పై తొమ్మిది కాపీలు. మళ్ళీ వేయడానికి అంత కాగితం లేదు. బ్రెయిలీలో ఆరుకి మూడు చుక్కలు, తొమ్మిదికి రెండు. పై వరసలో ఎడమవైపు చుక్క ఒకటి అణిచేస్తే ఆరు తొమ్మిదవుతుంది. చేత్తోనే చేయాలి. కొన గుండ్రంగా ఉన్న చిన్న చెక్కపుల్ల ఉంటుంది దానికి.

కట్టలు ఆవిడ బల్ల మీదకి మోశాను. ఎదురుగా కూర్చోమని చెయ్యి చూపించింది. నేను అణిచి ఇస్తాను, ఆవిడ వేలు పెట్టి చూసి పక్కన పెడుతుంది.

"తొమ్మిది" అంటుంది ప్రతిసారీ. అంతే.

ఇవాళ డెబ్బై అయ్యాయి.

ఏప్రిల్ 3

పొద్దున్నే మొదలుపెట్టాం. నొక్కడం, ఇవ్వడం, తొమ్మిది. నొక్కడం, ఇవ్వడం, తొమ్మిది. బాబాయి టీ తెచ్చి పెట్టి, "ఏమిటిది, ఎక్కం అప్పజెబుతున్నారా?" అన్నాడు. ఎవరం నవ్వలేదు. పదకొండయ్యేసరికి బొటనవేలి కింద బొబ్బ లేచింది. కాగితాల మీద వరసలన్నీ ఒకటే అయిపోయాయి నా కళ్ళకి.

నూట పన్నెండో కాపీయో, పదమూడోదో. ఇచ్చాను. ఆవిడ వేలు వరస చివరికి వెళ్ళి ఆగింది. ఎంతకీ కదల్లేదు.

"ఆరు" అంది.

తీసుకుని వెలుతురుకి వాల్చి చూశాను. మూడు చుక్కలూ పైకి లేచే ఉన్నాయి.

"కావాలని వదిలావా, నాకు దొరకాలని?"

"లేదక్కా. మరిచిపోయాను."

ఆవిడ అలాగే వింటోంది, నేను చెప్పడం అయిపోయాక కూడా.

"నిజంగానే అక్కా. అలిసిపోయాను."

కాగితం నా వైపు తోసింది.

"నొక్కు, పిల్లా."